తట్ట మనకు, తాపీ వాళ్ళకా?

(దసరా ముందు ఒక మండల కేంద్రంలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అక్కలారా, చెల్లెలారా, వెనుక గోడకు ఒరిగి నిలబడ్డ అన్నలారా!

మేము పదకొండు మందిమి వచ్చినం. మైకు ముందు ఒక్కరమే నిలబడ్డా మాట పదకొండు మందిది. మాల బీడీలు చేసేటోళ్ళున్నరు, సుతారి కింద తట్ట మోసినోళ్ళున్నరు, ఒక అంగన్‌వాడీ టీచరున్నది, మొగని ఆసరా లేకుంట పిల్లల్ని సాదుకుంటున్నోళ్ళు ముగ్గురున్నరు. రెండేండ్ల సంది మేం చేస్తున్న పని చిన్నదే. ఇంట్ల, వాడల ఏదన్న చెడిపోతే మేమే ఇప్పుతున్నం, మేమే బిగిస్తున్నం. నల్లా, బోరింగు, కరెంటు ఫీజు, తలుపు గొళ్ళెం, మోరి, పగిలిన గచ్చు. దీని గురించి సభ పెట్టి మాట్లాడాల్నా అని కొందరు నవ్విండ్రు. నవ్వనియ్యుండ్రి.

ఇంకో పది రోజులైతే దసరా. మన పల్లెలల్ల ఇప్పుడు ఏ ఇంట్ల చూసినా ఒక్కటే పని. మట్టిగోడలున్న ఇండ్లు ఇంకా ఉన్న వాడలకు పోయి చూడుండ్రి. వానలకు గోడ అడుగు కరిగి ఉంటది. ఎర్రమట్టి తవ్వుకొచ్చేది ఎవరు? ఆడిదే. దాంట్ల పెండ, వరిపొట్టు కలిపి కాళ్ళతోని తొక్కేది, ఒక్క రాత్రి నానబెట్టేది, తెల్లారి గోడకు మెత్తేది ఆడిదే. ఉత్త మట్టి మెత్తితే ఎండంగనే పర్రెలిస్తది. పొట్టు కలిస్తే మట్టిని పట్టుకోని ఉంటది. నల్లరేగడి అయితే ఇంకా ఎక్కువ పగులుతది కాబట్టి దాంట్ల మొరం కలపాలె. ఎంత కలపాలెనో మా అమ్మలకు చేతికి తెలుసు, ఏ కాలేజీల చదువుకోలే. మెత్తినంక సున్నం. సున్నపు రాయి నీళ్ళల్ల పడంగనే కుతకుత ఉడుకుతది, కండ్లల్ల పడితే చూపే పోతది. ఆ కుండ దగ్గర నిలబడి కట్టెతోని కలిపేది, ఇంత తుమ్మబంక, ఇంత నీలిమందు వేసేది కూడ మనమే. సున్నం పట్టి వేళ్ళు పుండ్లు పడ్డా తెల్లారి అదే చేతులతోని బతుకమ్మకు పువ్వు పేరుస్తం. గడపకు జాజు, వాకిట్ల సాన్పి, పొయ్యి గడ్డ. ఇల్లు నిలబడాల్నంటే ఏటేటా చేసే మరమ్మతు ఇది. దీనికి ఎన్నడన్న మరమ్మతు అని పేరు పెట్టిండ్రా? అలుకుపూత అన్నరు. పండుగ పని అన్నరు.

అదే గోడ ఇటుక, సిమెంటు గోడ అయ్యేటాలకు ఏమైంది? గోడ మెత్తుడు సుతారి పని అయింది. రోజు కూలి వచ్చింది, మధ్యాహ్నం చాయ వచ్చింది, ఆయన వస్తే కుర్చీ వేసుడు వచ్చింది. మనం మట్టి మెత్తినన్ని దినాలు అది ఆడోళ్ళ పని. పైసలు రాంగనే అది మగోళ్ళ విద్య. మనకు మిగిలింది తట్ట.

అడ్డా మీద నిలబడినోళ్ళకు మేం కొత్తగ చెప్పేది లేదు. పొద్దున్నే సద్ది కట్టుకోని వస్తం. మేస్త్రి వచ్చి ఇద్దరు సుతారులు, నలుగురు ఆడోళ్ళు అని ఎంచుకోని పోతడు. గమనించుండ్రి, సుతారులను పనిపేరుతోని పిలుస్తడు, మనలను ఆడోళ్ళు అనే పిలుస్తడు. ఇసుక జల్లెడ పట్టేది మనం, సిమెంటు కలిపి మాలు చేసేది మనం, పరంజ ఎక్కి పైకి అందించేది మనం, కట్టిన గోడకు పొద్దు మాపు నీళ్ళు కొట్టేది మనం. నీళ్ళు సక్కగ తాగకపోతే సిమెంటు గట్టిపడది, ప్లాస్టరు బోలుగ మోగుతది. ఇంత కీలకమైన పని చేసినా మాపటికి చేతికి వచ్చేది ఆయనకిచ్చినదాంట్ల సగం అటూ ఇటూ. పాలమూరు లేబర్ అని దేశమంతా పేరున్నది. డ్యాములు, కాలువలు, పెద్ద కట్టడాలు కట్టిన పేరది. ఆ లేబర్‌ల ఎంతమంది తల్లులున్నరో, ఎంతమంది మట్టికుప్ప పక్కన చీరె ఊయెల కట్టి పిల్లను పండబెట్టి తట్ట ఎత్తిండ్రో మనకు తెలుసు. వాళ్ళల్ల ఎంతమంది చేతికి తాపీ ఇచ్చిండ్రు?

సమాన పనికి సమాన వేతనం అని 1976ల చట్టం వచ్చింది. ఒకే రకం పనికి ఆడా మగా తేడా చెయ్యొద్దని దాంట్ల ఉండె. కానీ చట్టం ఒకే రకం పని అన్న దగ్గరే గుత్తేదారు దారి దొరకబట్టిండు. మనలను ఆ ఒకే రకం పనికి రానియ్యకపోతే అయిపోయె. ఆమె తట్ట మోస్తది, ఆయన గోడ కడతడు, రెండూ వేరు పనులాయె. అందుకే మేం కూలి పెంచాలని అడిగేటప్పుడు తాపీ కూడ అడుగుతున్నం. దారానికి గుండు కట్టి గోడ నిటారు చూసుడు నేర్పమంటున్నం. ఆ గుండుకు ఆడిదెవరో మగోడెవరో తెల్వది.

ఇది ఒక్క సుతారి పని కథ కూడ కాదు. కుమ్మరింట్ల మట్టి తెచ్చి, రాళ్ళు ఏరి, పిసికి ముద్ద చేసేది ఆడామె. సారె తిప్పేది మాత్రం ఆయన. ఎగుసంల నాటేసేది, కలుపు తీసేది, కోసేది ఆడామె. నాగలి ముట్టొద్దంటరు, ముడితే వానలు పడయంటరు. పోచంపల్లి దిక్కు పట్టుచీరెకు ఆసు పోసేది ఆడామె. ఒక్క చీరెకు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడిస్తే భుజం గూడ ఊడివస్తది. తల్లి పడే ఆ నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999ల ఆసు యంత్రం తయారు చేసిండు, 2017ల పద్మశ్రీ వచ్చింది. మంచి పని, దండం పెడుతున్నం. కానీ ఒక్కటి ఆలోచించుండ్రి. అన్ని తరాల తల్లులు ఆ నొప్పి పడుకుంట కూసున్నరు కదా, వాళ్ళ చేతికి ఎన్నడన్న ఒక పానా, ఒక మేకు, ఒక మోటరు వచ్చి ఉంటే? నొప్పి తెలిసినోళ్ళ చేతుల పనిముట్టు లేకపాయె.

బోరింగు సంగతి చెప్తం. ఇది మాకు చానా ఇష్టమైన ముచ్చట, కొంచెం పొడుగైతది, ఓపిక పట్టుండ్రి.

1970ల తర్వాత మన ఊర్లల్ల వచ్చిన బోరింగులు చానామట్టుకు ఇండియా మార్క్ టూ రకం. పైన తల, లోపల గొలుసు, పిడి, కింద భూమిల పది పది అడుగుల ఇనుప పైపులు, వాటి లోపల రాడ్లు, అడుగున సిలిండరు. సిలిండర్ల చిన్న వాషర్లుంటయి. వాషరు అరిగితే పిడి ఎంత కొట్టినా నీళ్ళెక్కయి. వాషరు ఖరీదు ఎంతనో లేదు. కానీ దాని దగ్గరికి పోవాల్నంటే పైపులన్నీ బయటికి గుంజాలె. నూరడుగుల లోతు ఉంటే పది పైపులు, రాడ్లు, వాటిల నిలిచిన నీళ్ళు, అన్నీ కలిపి బరువు క్వింటాలు దాటుతది. అందుకే మండలం నుంచి జీపు రావాలె, మెకానిక్కు రావాలె. వాళ్ళు వచ్చేదాంక నీళ్ళు మోసేది ఎవరో చెప్పాల్నా? బోరింగు చెడిపోతే మగోళ్ళకు అది దరఖాస్తు. మనకు మైలు దూరం నడక.

ఉత్తరప్రదేశ్‌ల బాందా జిల్లా ఉన్నది. దాంట్ల ఒక భాగం ఇప్పుడు చిత్రకూట్ జిల్లా. కరువు నేల, దొరల రాజ్యం. అక్కడ 1990లల్ల మహిళా సమాఖ్య కార్యక్రమం కింద దళిత ఆడోళ్ళు, కోల్ ఆదివాసీ ఆడోళ్ళు బోరింగు రిపేరు నేర్చుకున్నరు. మన మెదక్, మహబూబ్‌నగర్ ఊర్లల్ల మహిళా సమత అని సంఘాలు పెట్టింది ఆ కార్యక్రమమే, ఈడ ఉన్న పెద్దోళ్ళకు యాదికుంటది. ఆ బాందా ఆడోళ్ళల్ల చానామందికి అక్షరం రాదు. భుజాన పానాలు వేసుకోని ఊరూరు తిరిగి పైపులు గుంజి వాషర్లు వేసిండ్రు. వాళ్ళు ముట్టుకుంటే బావి మైలపడ్డదని కొట్లాటకు వచ్చే కులాలోళ్ళు నీళ్ళు బంద్ కాంగనే వాళ్ళనే పిలువాల్సి వచ్చింది. ఒక్క వాషరు ఎన్ని పొరలు ఊడదీసిందో చూడుండ్రి. పని నేర్చినంక వాళ్ళకు చదువు కావాల్సొచ్చింది. ఏ ఊరి బోరింగు, ఏ సామాను వేసినం, ఎంత మిగిలింది అని రాసుకోవాలె కదా. చదువు వచ్చినంక తమ సంగతులు తామే రాసుకునే పత్రిక పెట్టుకున్నరు. ఆ నేల మీదనే 2002ల ఖబర్ లహరియా అనే ఆడోళ్ళ పత్రిక పుట్టింది. పానా నుంచి పత్రిక దాంక పోయిండ్రు. రాజస్థాన్‌ల తిలోనియా ఊరి సంస్థ కూడ ఆడోళ్ళకు బోరింగు పని నేర్పింది, అటెనుక సోలార్ దీపాలు బిగించుడు నేర్పింది. చదువురాని అవ్వలు సర్క్యూట్లు అతికిండ్రు.

తర్వాత మార్క్ త్రీ అని ఇంకో రకం వచ్చింది. దాంట్ల పైపు వెడల్పు. పైపులు కదలియ్యకుంట రాడ్లు గుంజితే చాలు, పిస్టను బయటికొస్తది. జీపు అక్కరలేదు, నలుగురు ఆడోళ్ళు చాలు. అంటే బరువు ఎక్కువున్నదని మనలను దూరం పెట్టింది మన బలం చూసి కాదు, యంత్రాన్ని ఎవరి కోసం గీసిండ్రో అది చూసి. గీసేటోళ్ళు మారితే బరువు కూడ మారింది.

ఇప్పుడు ఇంటింటికి నల్లా వచ్చింది. 2016 ఆగస్టుల గజ్వేల్ దగ్గర కోమటిబండల మిషన్ భగీరథ మొదలైంది, బోరింగు మీద భారం తగ్గింది. అయితే నల్లాకు కూడ వాషరే ఉంటది. బొట్టు బొట్టు కారే నల్లా కింద రాత్రి బిందె పెడితే తెల్లారేటాలకు సగం నిండుతది. దీన్ని బాగుచేసుడు ఎంతసేపు? వాల్వు బంద్ చెయ్యాలె, పానాతోని తల ఇప్పాలె, అరిగిన వాషరు తీసి కొత్తది పెట్టాలె, చూరీలకు తెల్ల టేపు చుట్టి బిగించాలె. టేపు బిగించే దిక్కే చుట్టాలె, ఉల్టా చుడితే ఊడివస్తది. పప్పు ఉడికేటంతసేపు పట్టది. దీని కోసం మూడు రోజులు ఎవరన్న వస్తరా అని ఎదురు చూసినం, బతిలాడినం, వచ్చినాయనకు చాయ పోసినం.

కరెంటు పని దగ్గర మాత్రం మేం గట్టిగ ఒక గీత గీసుకున్నం, అది మీకూ చెప్తున్నం. ఇంట్ల ఫీజు పోతే ముందుగల మెయిన్ బంద్ చెయ్యాలె. టెస్టరుతోని చూడాలె. కాళ్ళకు చెప్పులుండాలె, చేతులు పొడిగ ఉండాలె. ఫీజు వైరు ఎంత సన్నగ ఉండాల్నో అంతే పెట్టాలె. మళ్ళమళ్ళ పోతున్నదని లావు తీగ పెట్టిన ఇంట్ల ఫీజుకు బదులు ఇల్లు కాలుతది. అంతవరకే మన పని. ట్రాన్స్‌ఫార్మర్ జోలికి పోవద్దు. పొలం కాడ మోటరు ఆగిందని, లైన్‌మన్ రాడని, తామే ఫీజు వెయ్యబోయి ఎంతమంది రైతులు పోయిండ్రో ప్రతి మండలంల లెక్క దొరుకుతది. వాళ్ళ భార్యలు ఈ సభల కూడ కూసోని ఉన్నరు. సర్కారు చెయ్యాల్సిన పని ప్రాణం పెట్టి మనం చేసుడు ధైర్యం కాదు.

ఇక మురికి పని. దీని గురించి మాట్లాడంగ మా పదకొండు మంది మధ్యనే వాదం అయింది. ఆ వాదం మీ ముందట పెట్టుడు న్యాయం.

మన పని మనమే చేసుకుందాం, మోరి మనమే తీసుకుందాం అని ఒకామె అన్నది. ఇంకొకామె లేచి అడిగింది, మోరి తీసుడు నాకు కొత్తనా? మా అమ్మ తీసింది, మా అవ్వ తీసింది. గడీల పెండ ఎత్తింది, దొరసాని బట్టలు పిండింది, ఒక్క పైస ఇయ్యలే, వెట్టి అన్నరు. ఇప్పుడు మీరు రెండు రోజులు రబ్బరు తొడుగులేసుకోని మోరి తీస్తే అది ఆదర్శమా, మా అమ్మ తీస్తే అది కులమా? ఎవరం జవాబు చెప్పలేకపోయినం. చానాసేపు ఊకున్నం.

అందరికీ మురికి ఒక్కటి కాదు. ఇంటి మురికి ఆడోళ్ళ మీద పడ్డది, ఊరి మురికి కొన్ని కులాల మీద పడ్డది, ఆ కులాల ఆడోళ్ళ మీద రెండూ పడ్డయి. తెల్లారకముందే పట్నంల రోడ్లు ఊడ్చేటోళ్ళను చూడుండ్రి, ఎంతమంది చీరె మీద కోటేసుకున్నోళ్ళో. అందుకే మేం ఒక మాట ఒప్పుకున్నం. ఎన్నడూ మురికి ముట్టనోళ్ళు ముట్టుకోవాలె. తరతరాల సంది ముట్టినోళ్ళు వద్దంటే వద్దనే హక్కుండాలె, చేస్తే పూరా కూలి ఉండాలె. మా సంఘంల మోరి తీసే వంతు వాడ వాడకు తిరుగుతది. పెద్దింటోళ్ళ వంతు వచ్చిననాడు ఇద్దరు రాలే. ఆ ఇద్దరు ఇంకా రాలే. మేం పిలుస్తనే ఉన్నం.

గీసుగొండ దగ్గర గంగదేవిపల్లి అందరికీ తెలుసు. 2017 ఫిబ్రవరిల కేంద్ర తాగునీటి, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ ఆ ఊరికి వచ్చిండు. ఒక ఇంటి మరుగుదొడ్డి గుంతల దిగి తన చేతులతోని ఎరువు ఎత్తిపోసిండు. ఐఏఎస్ ఆఫీసరు గుంతల దిగుడు అని పేపర్లన్నీ రాసినయి. సంగతి ఏందంటే అది రెండు గుంతల దొడ్డి. ఒక గుంత నిండినంక దారి రెండోదానికి మలుపుతరు. మొదటిదాన్ని మూసి ఏడాది విడిచిపెడితే నీరు భూమిలకు ఇంకి, లోపలున్నదంతా వాసన లేని పొడి మట్టి అయితది. పొలంల వేసుకునే ఎరువది. దాన్ని తీసేందుకు ఏ కులపోన్ని పిలిచే పని లేదు. ఇంట్లోల్లే పారతోని తీయొచ్చు. మేం కూడ తీసినం. మొదలు ముక్కుకు కొంగు కట్టుకోని దిగినం, తర్వాత కొంగు ఇప్పినం.

కానీ సెప్టిక్ ట్యాంకు దీనికి పూరా వేరు, రెండూ ఒకటనుకోని ఎవరూ దిగొద్దు. మూసిన ట్యాంకుల విషవాయువు నిలిచి ఉంటది, మూత తీసి వంగినోళ్ళు వంగినట్టే పడిపోతరు. పడినోన్ని గుంజబోయిన రెండోవాడు కూడ పోతడు. మనుషులను దాంట్ల దించొద్దని 2013 చట్టం చెప్తది. దిగి చచ్చినోళ్ళ కుటుంబాలకు 10 లక్షలియ్యాలని 2014ల సుప్రీంకోర్టు చెప్పింది, 2023ల దాన్ని 30 లక్షలు చేసింది. అయినా దించుతున్నరు, అయినా చస్తున్నరు. మీ ఇంట్ల ట్యాంకు నిండితే మిషను పిలువుండ్రి. సాయంత్రం పూట మందు పోయించి మనిషిని దించేటోన్ని వాడకు రానియ్యకుండ్రి.

ఇప్పుడు మీరు అడగబోయే ప్రశ్న మాకు తెలుసు. ఇప్పటికే పొద్దందాక చాకిరి, దీనికి తోడు ఇంటి రిపేర్లు కూడ మా నెత్తినేనా? మగోడు కాలు మీద కాలేసుకోని కూసుంటడు కదా? అక్కా, నీ ప్రశ్న సక్కటిదే. మా సంఘంల కొందరిండ్లల్ల అట్లనే అయింది. నల్లా బాగుచేసుడు వచ్చింది కదా, బల్బు కూడ నువ్వే పెట్టు అన్నోళ్ళున్నరు. అందుకే మేం ఒక లెక్క పెట్టుకున్నం. మనం ఒక మగపని నేర్చినప్పుడు ఇంట్ల ఒక ఆడపని ఆయనకు ఒప్పజెప్పాలె. ఫీజు నేను వేస్తే బోళ్ళు నువ్వు తోము. పదకొండు ఇండ్లల్ల ఇది నాలుగిండ్లల్ల నడుస్తున్నది. రెండిండ్లల్ల రెండు రోజులు నడిచి ఆగింది. మిగిలిన ఇండ్లల్ల కొట్లాట నడుస్తున్నది. ఒకాయన బోళ్ళు తోముతడు గని తలుపేసుకోని తోముతడు, ఎవరన్న చూస్తరని. పోనియ్యుండ్రి, బోళ్ళైతే తెల్లగైతున్నయి.

రెండోది, మన ఇంటి పని మనకు ఊరికనే చేసుకుంటం. పక్కింటికి పోతే పైసలు తీసుకుంటం. మగ మెకానిక్కు ఎంత తీసుకుంటడో అంతే. ఒక్క రూపాయి తక్కువ తీసుకోవద్దని తీర్మానం చేసుకున్నం. ఆడామె కదా, ఓ చీరె ముక్క, గింత బియ్యం ఇస్తే సరిపోతది అనేటోళ్ళకు దండం పెట్టి వస్తున్నం. జార్ఖండ్‌ల మరుగుదొడ్లు కట్టే కాడ ఆడోళ్ళు తాపీ పట్టిండ్రు. అక్కడ మగ మేస్త్రిని రాజ్ మిస్త్రీ అంటరు కాబట్టి వీళ్ళకు రాణి మిస్త్రీ అని పేరొచ్చింది. మనకు సుతారి అనే మాట ఉన్నది. దాంట్ల ఆడా మగా లేదు. మనకు కొత్త పేరు అక్కరలేదు, ఆ పేరే మనకూ ఇయ్యమంటున్నం.

మొగనితోని తన్నులు తినుకుంట బతికే ఒక చెల్లె మా దగ్గరికి వచ్చింది. లోపలి నుంచి గొళ్ళెం లేని తలుపు ఆమెది. ఎవరు రావాలె, ఎవరు బిగియ్యాలె? మేం ముగ్గురం పోయి గొళ్ళెం బిగించినం. నాలుగు మేకులు, ఒక సుత్తి, అర్ధగంట పని. ఇంతకంటె ఎక్కువ ఆ ఇంటి గురించి ఇక్కడ చెప్పం.

పెట్టె ఖర్చు చెప్పి ముగిస్తం. రెండు పానాలు, ఒక పైపు రెంచి, కటింగ్ ప్లేయరు, టెస్టరు, స్క్రూడ్రైవర్లు, సుత్తి, తాపీ, ఫీజు వైరు, టేపు చుట్టలు, వాషర్లు. పదకొండు మందిమి నెలకింత అని పొదుపు పైసలల్ల నుంచే కొన్నం. పెట్టె ఒక్కొక్క వారం ఒక్కొక్కరింట్ల ఉంటది. తీసుకపోయినోళ్ళు నోటుబుక్కుల రాయాలె, రాయరానోళ్ళు ఏలిముద్ర వేసి పక్కామెతోని రాయించాలె. మీ ఊర్ల కూడ అట్లనే పెట్టుకోవాల్నని మా అడుగు. పేర్లు ఇచ్చిన ఊర్లకు మేం నెలకు రెండుసార్లు వచ్చి నేర్పుతం. చార్జీలు, ఒక పూట బువ్వ మీయి.

బువ్వ తిన్నంక ఈ బడి వెనుక పాత బోరింగు ఇప్పుతం. రెండేండ్ల సంది నీళ్ళు రాని బోరింగది. సర్పంచు పర్మిషను తీసుకున్నం, వాషర్లు తెచ్చినం. ఎనిమిది పైపులుంటయని ఊరోళ్ళు చెప్పిండ్రు. గుంజేటందుకు చేతులు కావాలె. కొంగు నడుముకు చెక్కుకోని రాండ్రి, గాజులున్నోళ్ళు తీసి సంచిల పెట్టుకోండ్రి. అన్నలు కూడ రావొచ్చు, వచ్చినోళ్ళకు తట్ట ఇస్తం.